నాలుగు బకెట్ల నీళ్లు

"ఆరింటికి బండి వస్తుంది," అన్నాడు మేజర్ ఎర్కిన్‌బెక్, టీ గిన్నెలోకి ఊదుకుంటూ. "ఆ పిల్లను రిమాండ్ జైలుకి పంపేస్తున్నాను. నువ్వేం వెలగబెడతావో ఆలోపు వెలగబెట్టు."

గోడ గడియారం రెండూ ముప్పై అయిదు చూపిస్తోంది. అంటే మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు. బిష్కెక్‌లోని ఈ పోలీసు స్టేషన్‌లో మెట్ల కింది గదిలో కూర్చునే దర్యాప్తు అధికారిణి బెర్మెత్‌కి ఈ కేసు అధికారికంగా ఇవ్వనే లేదు. ఫైలు చదవనిచ్చారు, అంతే.

ఫైలులో ఉన్నది ఇంత. నిన్న మధ్యాహ్నం సాగిన్‌బాయ్ అనే రిటైర్డ్ జీవశాస్త్రం మాస్టారు తన ఇంట్లోనే, చేపల గదిలో నేలమీద చచ్చిపడి కనిపించాడు. ఛాతీ దాకా తడి, ఊపిరితిత్తుల నిండా నీళ్లు. పెద్ద అక్వేరియంలోకి వంగినవాణ్ణి ఎవరో వెనక నుంచి కాళ్లెత్తి ముంచేశారు. ఒంటిగంటా ఇరవైకి అంబులెన్సుకి ఫోన్ చేసింది ఆయన కోడలు మైరమ్‌గుల్. మూడింటికల్లా ఎర్కిన్‌బెక్ ఆమెను పట్టుకొచ్చి, చీకటి పడేలోగా నేరం ఒప్పించి సంతకం పెట్టించాడు.

"సంతకం ఎలా పెట్టించావు, బాయికే?" అంది బెర్మెత్. అన్నగారూ అని పిలవడమే గానీ, ఆ పిలుపులో గౌరవం ఎంతుందో ఇద్దరికీ తెలుసు.

"మర్యాదగానే."

"ఎనిమిది నెలల బిడ్డను చూపించి."

"చూపించలేదు. చూపిస్తానన్నాను." నవ్వి ఒక గుక్క తాగాడు. "పాలు కట్టి జ్వరం వచ్చేసరికి తనే కలం అడిగింది. నేను వేలెత్తి కూడా ముట్టుకోలేదు, రాసుకో."

బెర్మెత్ ఒక ఫొటో తీసి టీ గిన్నె పక్కన పెట్టింది. "మన కానిస్టేబుల్ నిన్న ఒంటిగంటా యాభైకి తీసింది. నేల చూడు, తివాచీ పిండితే బకెట్లు నిండుతాయి. ఇప్పుడు తొట్టి చూడు. అంచు దాకా నిండుగా ఉంది. అన్ని నీళ్లు బయటికి పోతే తొట్టిలో తగ్గాలి కదా?"

ఎర్కిన్‌బెక్ ఫొటోను ఒక వేలితో తనవైపు తిప్పుకున్నాడు. "కోడలు పోసి ఉంటుంది. కోడళ్లు కడుగుతారు, తుడుస్తారు, నింపుతారు. నీకు పెళ్లి కాలేదు, నీకేం తెలుసు."

"మామను చంపి, నేల తుడవకుండా తొట్టి నింపిన కోడలా?"

"ఆరింటికి," అన్నాడు ఎర్కిన్‌బెక్. ఫొటోను తిరిగి ఆమెవైపు తోశాడు.

లాకప్‌లో మైరమ్‌గుల్ గోడవైపు తిరిగి కూర్చుంది. ఇరవై మూడేళ్లది. గౌను ముందు భాగం పాలతో తడిసి, ఆరి, మళ్లీ తడిసి అట్టకట్టింది. తలుపు చప్పుడుకి గబుక్కున తిరిగి చూసింది. బెర్మెత్ చేతుల్లో బిడ్డ లేడని తెలిశాక మళ్లీ గోడవైపు తిరిగిపోయింది.

"నిన్న ఎన్నింటికి బయల్దేరావు?"

"తొమ్మిదిన్నరకి, ఎజే." అక్కా అని పిలిచేవాళ్లకి ఇంకా ఏదో ఆశ ఉంటుంది. "బాబుకి దగ్గు. క్లినిక్‌లో పెద్ద వరస. పన్నెండూ పదికి ముద్ర వేశారు. వ్యాను దొరికి ఇంటికొచ్చేసరికి పన్నెండూ నలభై. రొట్టెలమ్మే పక్కింటావిడ చూసింది కూడా."

"మామగారిని ఎప్పుడు చూశావు?"

"బాబుని పడుకోబెట్టి, పాలిచ్చి, టీ పెట్టి తీసుకెళ్లాను. అప్పుడు." ఆమె గొంతు తడబడలేదు. ఈ మాట చాలాసార్లు చెప్పి ఉంటుంది.

"తర్వాత తొట్టిలో నీళ్లు పోశావా?"

మైరమ్‌గుల్ మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. అది భయం కాదు, అర్థం కాకపోవడం. "ఏ నీళ్లు ఎజే?"

"తొట్టి నింపావా అని."

"నేను ఆ గదిలో వేలు పెట్టకూడదు. కొత్తగా వచ్చినప్పుడు కుళాయి నీళ్లు పోశాను, రెండు చిన్న చేపలు చచ్చిపోయాయి. మామయ్య నన్ను మంచులో నిలబెట్టి తలుపు వేసేశాడు. గంట సేపు. అప్పుడు ఆరో నెల నాకు." అట్టకట్టిన గౌనుని ఒంటి నుంచి విడదీసుకుంది. "మేజర్‌గారికి అదే బాగా నచ్చింది. చంపడానికి కారణం దొరికిందని రాసుకున్నాడు."

"మరి చంపలేదని నాకు చెప్పవేం?"

"చెబితే బాబుని తెస్తారా?"

బెర్మెత్ చూపు తన ఖాళీ చేతుల మీద పడింది. సిగ్గుపడింది.

"ఫర్వాలేదులే ఎజే," అంది మైరమ్‌గుల్, ఆమెనే ఓదారుస్తున్నట్టు. "వాడు మా అత్తమ్మ దగ్గర ఉన్నాడు. సీసాపాలు తాగడు. గిన్నెతో పట్టమనండి, చెంచాతో కాదు."

మూడూ నలభైకి బెర్మెత్ ఆ ఇంట్లో ఉంది. వెంట యాకోబ్ ఎప్‌ని తీసుకొచ్చింది. ఎప్ అక్వేరియం చేపలమ్మే జర్మన్ ముసలాయన, నలభై ఏళ్లుగా సాగిన్‌బాయ్‌కి స్నేహితుడు. నిన్న ఉదయం పదీ ఇరవై నుంచి పదీ ఇరవై అయిదు దాకా ఫోన్‌లో మాట్లాడిందీ ఆయనే. అంటే సాగిన్‌బాయ్ పదీ ఇరవై అయిదు దాకా బతికే ఉన్నాడు.

తలుపు తీసింది హతుడి భార్య ఊల్కాన్. అరవై ఎనిమిదేళ్లు, నల్ల రుమాలు, చంకలో ఖళ్లుఖళ్లుమని దగ్గే మనవడు. శవం ఇంకా ఆసుపత్రిలోనే ఉంది కాబట్టి చావు ఇంటి ముందు వేసే ఏడుపు గుడారం వేయలేదు, చుట్టాలు రాలేదు. కొడుకు రష్యాలో ఏదో కట్టడం పనిలో ఉన్నాడు, రైలెక్కాడట.

"నిన్న ఎక్కడున్నావు అపా?" అని అడిగింది బెర్మెత్, అమ్మను పిలిచినట్టే.

"మా అక్క ఇంట్లో తల్లీ. బావగారు పోయి నలభయ్యో రోజు. నూనెలో బూర్సోక్ రొట్టెలు వేయించాం, రెండు బస్తాల పిండి. టీ తాగుతారా?"

టీ తెచ్చింది. ఇద్దరూ తాగారు. అక్కతో ఆ విషయం సరిచూసుకోవాలని ఎర్కిన్‌బెక్‌కి తోచలేదు. నిజం చెప్పాలంటే బెర్మెత్‌కీ తోచలేదు.

చేపల గది ఒక్కటే ఆ ఇంట్లో వెచ్చగా ఉంది. గ్యాసు హీటరు అక్కడే పెట్టారు. కిటికీకి దుప్పటి కొట్టేశారు. తొట్టి పెళ్లిపందిట్లో గంగాళాలు పట్టేంత ఉంది, అందులో చేపలు మాత్రం కనిపించలేదు.

"ఉన్నాయి," అన్నాడు ఎప్, అడుగున ఉన్న మట్టి గొట్టాన్ని చూపిస్తూ. "కాంగో నది జెల్లలు. చీకటి పడితే గానీ మొహం చూపించవు. ఆడది ఇరవై ఆరేళ్లది. ఈ ఇంటి కోడలికంటే పెద్దది. దీనికి తోడున్న మగదీ ఈ దేశం మొత్తానికి ఈ ఒక్క తొట్టిలోనే ఉన్నాయి."

"ఇన్ని నీళ్లు పోస్తే ఎలా పోయాలి?"

ఎప్ సన్నని రబ్బరు గొట్టాన్ని వేలితో తాకాడు. పైన బీరువా మీద ఖాళీ బకెట్, అందులోంచి దిగి తొట్టి అంచుకి వేలాడుతున్న గొట్టం, దానికి ఇనుప క్లిప్పు. ఫొటోలోనూ అలాగే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఎవరికీ అది పనికొచ్చే వస్తువనిపించలేదు.

"బకెట్టుతో గుమ్మరిస్తే అడుగున మడ్డి లేస్తుంది. చూడండి, ఇసుక మీద గీత కూడా చెరగలేదు. అంటే గొట్టంతోనే పోశారు. వరండాలో పీపా ఉంది, మూడు రోజులు నిలవబెట్టిన నీళ్లు. నిన్న పొద్దున దాని మీద మంచు పొర కట్టి ఉంటుంది. అవి అలాగే పోస్తే జెల్ల బతకదు. అది బతికుంది కాబట్టి కెటిల్లో కాచి కలిపి, సమానం చేసి, కొద్దికొద్దిగా వదిలారు."

పీపా మీద నింపినప్పుడు గీసిన సుద్ద గీత ఉంది. నీళ్లు ఆ గీతకి నలభై లీటర్లు కిందికి దిగిపోయాయి. నాలుగు బకెట్లు.

బెర్మెత్ వాచీ విప్పి చేతిలో పట్టుకుంది. అదే క్లిప్పు, అదే ఎత్తు, కింద ఇంకో ఖాళీ బకెట్ పెట్టి నీళ్లు వదిలారు. పక్కగదిలో బిడ్డ దగ్గుతూ ఏడుస్తూనే ఉన్నాడు. బకెట్ ఖాళీ కావడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది.

ఎర్కిన్‌బెక్ నాలుగున్నరకి వచ్చాడు, బూట్లు విప్పకుండానే లోపలికి. "ఏమైంది? చేపలు సాక్ష్యం చెప్పాయా?"

"నాలుగు బకెట్లు, బకెట్‌కి ఇరవై అయిదు నిమిషాలు. వంద నిమిషాలు," అంది బెర్మెత్. "కోడలు ఇంట్లో అడుగుపెట్టింది పన్నెండూ నలభైకి. అంబులెన్సుకి ఫోన్ చేసింది ఒకటీ ఇరవైకి. ఆమె చేతిలో ఉన్నది నలభై."

"క్లిప్పు తీసేసి పోసుంటుంది."

"తీసేసినా బకెట్‌కి పదహారు నిమిషాలు, సార్," అన్నాడు ఎప్. "నాలుగు బకెట్లకి గంట దాటుతుంది."

ఎర్కిన్‌బెక్ అతనివైపు తిరిగాడు. అరచేతికి కట్టిన కట్టును చూశాడు. మేజర్ మొహం విప్పారింది. "అలాగా. శవం పక్కన గంటన్నర కూర్చుని చేపకి గోరువెచ్చని నీళ్లు పట్టే పిచ్చి ఎవరికుంటుంది? చేపలవాడికే. ఆ చేతికేమైంది తాతా?"

"ముల్లు గుచ్చుకుంది. మా దుకాణంలో చిన్న జెల్ల."

"బాగుంది. నీకు ఇంకో పేరు కావాలి కదా బెర్మెత్, ఇదిగో."

ఎప్ కంగారుపడకుండా ఫోన్ తీసి దుకాణం కెమెరా పెట్టి చూపించాడు. నిన్న పది నుంచి ఒంటిగంట దాకా గల్లా వెనక అతనే ఉన్నాడు. నడుమ ఒకసారి చేప ముల్లు గుచ్చుకుని బూతులు తిట్టడం కూడా ఉంది. "ఇంకో సంగతి సార్. నేను చంపి ఉంటే నీళ్లు పోసేవాణ్ణి కాదు. చేపల్ని ఎత్తుకుపోయేవాణ్ణి."

ఎర్కిన్‌బెక్ ఫోన్‌ని ఎప్‌కి తిరిగి ఇచ్చేశాడు. ఓడిపోవడం అతనికి అలవాటు లేదు, ఎవరైనా చూస్తుండగా ఓడిపోవడం అసలే లేదు. "నా దగ్గర సంతకం ఉంది," అన్నాడు చివరికి. "నీ దగ్గర గొట్టం ఉంది. పేరు తెస్తే పిల్లను వదులుతాను. లేదా ఆరింటికి బండెక్కుతుంది. అక్కడికి పోయాక పసిపిల్లల్ని చూడనివ్వడానికి నెల రోజుల కాగితాలు పడతాయి, నీకు తెలుసుగా." ఎప్‌ని వాంగ్మూలం కోసం కారెక్కించుకుని వెళ్లిపోయాడు.

బెర్మెత్ వంటగదిలో కూలబడింది. ఊల్కాన్ మళ్లీ టీ పోసింది. బిడ్డ నోరు సీసాకి తగలగానే మొహం తిప్పేసుకుంటున్నాడు.

"గిన్నెతో పట్టమంది మైరమ్‌గుల్," అంది బెర్మెత్.

"పట్టాను తల్లీ. తల్లి వాసన కావాలి వాడికి." ముసలామె మనవడి వీపు నిమిరింది. ఆ నిమరడంలో నటన లేదు. "వదిలేస్తారా దాన్ని?"

"పేరు దొరికితే."

సరిగ్గా అయిదింటికి కరెంటు పోయింది. బిష్కెక్‌లో ఆ చలికాలం కోతలు చెప్పిన వేళకే వచ్చేవి. నిన్న ఆ వీధికి పది నుంచి ఒంటిగంట దాకా, ఇవాళ అయిదు నుంచి ఏడు దాకా. హీటరు తప్ప అన్ని చప్పుళ్లూ ఆగిపోయాయి.

ఊల్కాన్ లేచింది. ఒడిలో ఉన్న బిడ్డను నేలమీద ఉన్ని దుప్పటి మీద పెట్టింది. వాడు గుక్కపట్టాడు. ఆమె వెనక్కి చూడలేదు. కొవ్వొత్తి తేవడానికి అనుకుంది బెర్మెత్. కొవ్వొత్తి రాలేదు. గ్యాసు పొయ్యి వెలిగిన చప్పుడు, వరండా తలుపు చప్పుడు, తర్వాత నీళ్ల చప్పుడు. బిడ్డ ఊపిరి బిగబట్టి నీలంగా మారుతున్నాడు. బెర్మెత్ వాణ్ణి ఎత్తుకుని, ఫోన్ దీపంతో లోపలికి వెళ్లింది.

ముసలామె చీకట్లోనే పనిచేస్తోంది. బ్యాటరీతో నడిచే గాలి మోటారు అప్పటికే తిరుగుతోంది. తొట్టిలోంచి, కరెంటు లేక చల్లబడే నీళ్లు ఒక బకెట్ తోడి పక్కన పెట్టేసింది. కెటిల్ నీళ్లు పీపా నీళ్లలో కలిపి, మోచెయ్యి ముంచి చూసింది, పసిబిడ్డ స్నానానికి చూసినట్టు. ఇంకో చుక్క వేడి కలిపింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి నిండు బకెట్టుని ఒక్క ఊపులో బీరువా మీదికి ఎత్తింది. గొట్టం కొస నోట్లో పెట్టుకుని పీల్చి, క్లిప్పు బిగించి, కిందికి వదిలింది. మొత్తం నాలుగు నిమిషాలు.

"ఎవరు నేర్పారు అపా?" అంది బెర్మెత్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఎవరు నేర్పుతారు? ఆయనే."

"ఈ పనులన్నీ ఆయనే చేసుకునేవాడనుకున్నాను."

"ఆయన చూసేవాడు." ముసలామె క్లిప్పుని వెంట్రుక వాసి తిప్పింది. "నీళ్లు నావి."

"నిన్న ఎన్ని బకెట్లు పట్టాయి?"

"నాలుగు."

చెయ్యి క్లిప్పు మీదే ఆగింది. ఫోన్ వెలుగులో ఆమె మొహంలో పెద్ద మార్పేమీ లేదు. ఏదో లెక్క తప్పినట్టు కాసేపు చూసి, మళ్లీ తొట్టివైపు తిరిగింది. చీకటి పడినందుకు జెల్ల బయటికి వస్తోంది. మట్టి గొట్టంలోంచి ముందు మీసాలు, తర్వాత చుక్కల చుక్కల నల్లని ఒళ్లు, గుడ్లతో ఉబ్బిన పొట్ట. అంత గొడవకి కారణమైనది తీరుబడిగా అద్దం పక్క నుంచి ఈదుకుంటూ పోయింది.

"బాబుని ఈ గదిలో పడుకోబెడదామన్నాను," అంది ఊల్కాన్. "అక్కడ చలికి గోడలు చెమర్చుతున్నాయి. వాడి ఛాతీలో పిల్లిలా గురగుర. ఆయన వద్దన్నాడు. ఏడుపు వింటే ఆడది బెదిరి గుడ్లు పారేస్తుందన్నాడు. కోడలు వాణ్ణి క్లినిక్‌కి తీసుకెళ్లింది. నేను అక్క ఇంట్లో పిండి కలిపి పెట్టి, పొంగేలోగా మళ్లీ వచ్చాను, అడుగుదామని. ఫోన్ పెట్టేసి స్టూలు మీద నుంచి వంగి గొట్టం సర్దుతున్నాడు. అడిగాను. తల కూడా ఎత్తలేదు. పిల్లలు మళ్లీ పుడతారు, ఇది పుట్టదు అన్నాడు."

"అప్పుడు కాళ్లు పట్టుకుని ఎత్తావు."

"బకెట్లు మోసిన చేతులే కదా తల్లీ."

"ఆ తర్వాత వంద నిమిషాలు శవం పక్కనే కూర్చుని నీళ్లు పోశావా? ఎందుకు? పారిపోక, నేల తుడవక?"

"తొట్టి తగ్గిపోయింది," అంది ఊల్కాన్, ఇంత తెలియదా అన్నట్టు. "నేల ఎప్పుడైనా తుడవొచ్చు. నీళ్లు తగ్గితే ఊరుకుంటాడా?"

ఆయన అప్పటికే చచ్చిపోయాడన్న సంగతి బెర్మెత్ గుర్తుచేయలేదు. నలభై ఏళ్లు కొట్టి నేర్పిన పని. కొట్టేవాడు పోయినంత మాత్రాన చేతులకి ఎలా తెలుస్తుంది? కానీ జాలి పడబోయిన మనసుని పాలతో అట్టకట్టిన గౌను వచ్చి అడ్డుకుంది.

"నిన్న మైరమ్‌గుల్‌ని బండెక్కిస్తుంటే చూస్తూ ఊరుకున్నావు. ఒక్క మాట చెప్పలేదు."

"నన్నెవరూ అడగలేదు." ముసలామె గొంతులో నిష్ఠూరం కూడా లేదు. "వచ్చారు, టీ తాగారు, దాన్ని తీసుకెళ్లారు. అది చిన్న పిల్ల, తట్టుకుంటుంది. దాని వయసుకి నేను అంతకంటే ఎక్కువే పడ్డాను. ఇక్కడ బాబుని నేను చూసుకోవచ్చు కదా, ఈ వెచ్చని గదిలో."

బెర్మెత్ ఎర్కిన్‌బెక్‌కి ఫోన్ చేసింది. అయిదూ పన్నెండు. రెండు ముక్కల్లో చెప్పింది.

"ఫోన్‌లో చెబితే చెల్లదు," అన్నాడు. "నా బల్ల ముందు కూర్చుని తన నోటితో చెప్పాలి. బండి డ్రైవరు నా మాట వినడు, ఆరంటే ఆరే. పిల్ల పేరు కొట్టేయాలంటే ముసలిది ఆలోపు ఇక్కడుండాలి."

సిగ్నళ్లు ఆరిపోయిన రోడ్ల మీద స్టేషన్‌కి ముప్పై అయిదు నిమిషాలు పడుతుంది.

"పద అపా. కోటు వేసుకో. బాబుని కూడా తీసుకెళ్దాం, వాళ్ల అమ్మ ఉందక్కడ."

"వస్తాను తల్లీ." ఊల్కాన్ కదల్లేదు. నీటి తీగనే చూస్తోంది. "ఈ బకెట్ అయిపోనీ."

"టైము లేదు."

"ఇరవై అయిదు నిమిషాలే. సగంలో ఆపితే చల్లబడుతుంది."

"అపా, బండి వెళ్లిపోతుంది. మైరమ్‌గుల్ వెళ్లిపోతుంది."

"అయిపోనీ తల్లీ," అని బతిమాలింది ముసలామె. ఖూనీ ఒప్పుకున్నప్పుడు వణకని గొంతు ఇప్పుడు వణికింది.

బెర్మెత్ బిడ్డను ఎడమ చంకలోకి మార్చుకుని, కుడిచేత్తో గొట్టాన్ని తొట్టిలోంచి పీకి పారేసింది. నీళ్లు నేలమీదికి చిమ్మాయి. జెల్ల తుర్రుమని మట్టి గొట్టంలోకి దూరిపోయింది.

ఊల్కాన్ గోడకి ఒదిగి గొంతుక్కూర్చుంది. రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుంది. కళ్లు గట్టిగా మూసుకుని, మోచేతుల మధ్య మొహం దాచుకుని, ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తోంది.

"నేను కొట్టను అపా," అంది బెర్మెత్.

ఆమెకి వినపడలేదు. బెర్మెత్ వంటగదిలోంచి కోటు తెచ్చి భుజాల మీద కప్పేదాకా ఆ చేతులు కిందికి దిగలేదు.